ఒకే చోట రెండుసార్లు విరిగిన యాక్సిల్: పద్మనాభం ట్రాక్టర్ కేస్ స్టడీ

వెనక చక్రాన్ని మోసే హాఫ్ యాక్సిల్ విరగడం మా ట్రాక్టర్ రిపేరు షెడ్డులో అరుదేమీ కాదు. కానీ అదే ట్రాక్టర్‌కి, అదే ఎడమవైపు, అదే చోట ఏడాది తిరక్కుండా మళ్లీ విరిగితే దాన్ని కర్మ అని వదిలేయకూడదు. విశాఖ జిల్లా పద్మనాభం మండలంలోని ఒక రైతు ట్రాక్టర్ కేసు ఇది. సాధారణంగా విరిగిన ముక్క పాత ఇనుముకి వెళ్లిపోతుంది, కారణం ఊహించి చెప్పాల్సి వస్తుంది. ఇక్కడ మాత్రం రెండు యాక్సిళ్ల ముక్కలూ దొరికాయి. పక్కపక్కన పెట్టి చూడగలిగాం కాబట్టి ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను. ఉత్తరాంధ్రలో ఇలాగే వాడుతున్న బళ్లు చాలా ఉన్నాయి.

బండి, దాని పని

45 హెచ్‌పీ తరగతి ట్రాక్టర్. టూ వీల్ డ్రైవ్. ముందు 6.00×16, వెనక 13.6×28 టైర్లు. విజయనగరం వైపు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అవర్ మీటర్ అప్పటికే పనిచేయడం లేదు, తర్వాత ఎవరూ బాగు చేయించలేదు. అవర్ మీటర్ లేని బండికి ఆయిల్ ఎప్పుడు మార్చాలో, బేరింగ్ ఎప్పుడు చూడాలో ఎవరికీ తెలియదు. మా దగ్గరకొచ్చే పాత బళ్లలో చాలావాటిది ఇదే పరిస్థితి.

ఏడాదిలో ఈ బండికి రెండు జీవితాలు. వానలు పడ్డాక జూలై, ఆగస్టుల్లో ఉభాల కోసం, అంటే వరి నాట్ల కోసం, గోస్తని ఒడ్డు పల్లపు పొలాల్లో దమ్ము పడుతుంది. టైర్లకి బయటివైపు సగం దమ్ము చక్రాలు బిగిస్తారు, అంటే ఇనుప కేజ్ వీల్స్. వరి పని అయ్యాక, నేల ఆరిన దగ్గర్నుంచి ఎండాకాలం చివరి దాకా గ్రావెల్ తోలకం. ఆనందపురం, భీమిలి వైపు ఎక్కడ చూసినా లేఅవుట్లే. పునాదులకి, లోపలి రోడ్లకి గ్రావెల్ కావాలి. మన కొండల్లో ఎక్కువగా ఉండే ఖోండలైట్ రాయి మెత్తబడి, ఎర్రగా మారి గ్రావెల్‌గా వస్తుంది. తొట్టి నింపడం జేసీబీకి రెండు మూడు నిమిషాల పని. డబ్బు ట్రిప్పు లెక్కన ఇస్తారు, డ్రైవర్‌కి బత్తా కూడా ట్రిప్పు మీదే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథ సగం అర్థమవుతుంది.

తొట్టి రెండు చక్రాలది. లోపల పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు. దాని పైన మరో అడుగు రేకు వెల్డింగ్ చేయించారు. మొత్తం 180 ఘనపుటడుగులు, అంటే అయిదు ఘనపు మీటర్లకి కాస్త పైన. గ్రావెల్ ఘనపు మీటరు 1.6 టన్నులనుకున్నా ఎనిమిది టన్నులు దాటుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. ట్రాక్టర్ బరువు రెండు టన్నులు. తొట్టికి బ్రేకుల్లేవు. రెండు టన్నుల బండి ఎనిమిది టన్నుల్ని లాగగలదు, అనుమానం లేదు. ఆపగలదా అన్నదే అసలు ప్రశ్న.

ఆ రోజు ఏం జరిగింది

మే నెల. లోడుతో కొండవాలు దిగి చదును రోడ్డెక్కిన కాసేపటికి, కల్వర్టు దగ్గర చిన్న ఎత్తు ఎక్కి దిగినప్పుడు విరిగింది. డ్రైవర్ ఇరవై రెండేళ్ల కుర్రాడు. తను చెప్పినది చెప్పినట్టే రాస్తున్నాను: "ఠప్‌మని సప్పుడొచ్చింది మేస్త్రీ. బండి ఎడంపక్కకి కూలిపోనాది. బ్రేకు తొక్కితే కుడికి లాగేస్తంది, ఆగట్లేదు. వెనక నుంచి తొట్టి తోసేత్తంది."

ఇందులో ప్రతి మాటా నిజం. ఎందుకలా అయిందో ప్రతి డ్రైవర్‌కీ తెలియాలి. ఇలాంటి చాలా ట్రాక్టర్లలో బ్రేకులు చక్రం దగ్గర ఉండవు, లోపల డిఫరెన్షియల్ పక్కన, అంటే ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పక్కన ఉంటాయి. ఆ బ్రేకు పట్టు యాక్సిల్ ద్వారానే చక్రానికి అందాలి. యాక్సిల్ విరిగితే ఎడమ చక్రానికి బ్రేకు ఉండదు. పట్టేది కుడివైపు ఒక్కటే, కాబట్టి బండి కుడికి లాగుతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే ఇంజన్ పట్టు కూడా పోతుంది. గేరులో ఉన్న బండిని ఇంజన్ కొంత ఆపుతుందని మనకు ధీమా. కానీ డిఫరెన్షియల్‌కి ఒకవైపు యాక్సిల్ తెగితే ఆ ముక్క ఊరికే తిరుగుతుంది, రెండోవైపు చక్రానికి ఇంజన్ నుంచి ఏ పట్టూ అందదు. అంటే ఒక్క శబ్దంతో ఎడమ చక్రం, ఎడమ బ్రేకు, ఇంజన్ పట్టు మూడూ ఒకేసారి పోయాయి. వెనక ఎనిమిది టన్నులు తోస్తున్నాయి.

ఇదే రెండు నిమిషాల ముందు వాలులో విరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. చదునులో విరిగింది కాబట్టి ట్రాక్టర్, తొట్టి మడతపడి రోడ్డు పక్క మట్టిగట్టుకి తగిలి ఆగాయి. కుర్రాడికి మోచేయి దోక్కుపోయింది, మోకాలు వాచింది, అంతే. ఊడిన చక్రం పైకి తన్ని ఎడమ మడ్‌గార్డుని లోపలికి నొక్కేసింది. అంతకు ముందు ట్రిప్పులో ఆ మడ్‌గార్డు మీద ఒక కూలీ కూర్చుని వచ్చాడట. మడ్‌గార్డు సీటు కాదు. ఈ మాట ప్రతి యజమానికీ చెబుతాను, వినేదాకా చెబుతూనే ఉంటాను.

బండిని తీయడంలో రెండో గండం

యాక్సిల్ విరగడం కన్నా నాకు ఎక్కువ భయం వేసింది ఆ తర్వాత జరిగినదానికి. ఊళ్లోంచి ఇంకో ట్రాక్టర్ తెచ్చి, లాగడానికి గొలుసుని దాని టాప్ లింక్ బ్రాకెట్‌కి, అంటే వెనక ఎత్తులో పనిముట్ల పై కడ్డీ తగిలించే చోటికి కట్టారు. కింది హుక్కుకి కడితే గొలుసు నేలకి రాసుకుంటుందని అలా చేశారట. మొదటి గేరులో క్లచ్ వదలగానే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ఆ డ్రైవర్ అనుభవం ఉన్నవాడు, వెంటనే క్లచ్ తొక్కేశాడు. చక్రాలు దభీమని కింద పడ్డాయి. మేం వెళ్లేసరికి రెండో ప్రయత్నానికి సిద్ధమవుతున్నారు. ఆపించి గొలుసు విప్పించాం.

వెనక యాక్సిల్ కన్నా ఎత్తులో ఎక్కడ కట్టి లాగినా ట్రాక్టర్ వెనక్కి తిరగబడాలనే చూస్తుంది. వెనక చక్రాలు కదలకపోతే ఇంజన్ బలం చక్రాన్ని తిప్పే బదులు యాక్సిల్ చుట్టూ బాడీని పైకి లేపుతుంది. చక్రాలు లేచిన క్షణం నుంచి పూర్తిగా తిరగబడటానికి ఒకటిన్నర సెకను చాలు. అందులో సగం సమయం గడిచాక క్లచ్ తొక్కినా లాభం ఉండదు. బురదలో దిగిపోయిన చక్రాలకి అడ్డంగా దుంగ కట్టి ముందుకి పోనివ్వడం కూడా ఇంతే ప్రమాదం. మా ప్రాంతంలో దమ్ము పొలాల్లో ఇది రోజూ చూస్తాం. దిగిపోయిన బండిని వెనక్కి తీసుకోవడమో, ఇంకో బండితో కింది హుక్కుకి పొడుగాటి గొలుసు కట్టి మెల్లగా లాగించడమో చేయాలి. గొలుసు చుట్టుపక్కల ఎవరూ నిలబడకూడదు. డ్రైవర్లకి ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. కానీ పద్మనాభం కుర్రాడికి అది రాష్ట్రం ఆ చివర. ఇక్కడ నేర్పేది ముందు తరం డ్రైవరే. ఆయన ఏం చేస్తే కుర్రాడు అదే చేస్తాడు.

చివరికి తొట్టిలోని గ్రావెల్ అక్కడే దింపించి, విరిగిన వైపు జాకీలు పెట్టి, దిమ్మల మీద నిలబెట్టి, ట్రాలర్ మీద షెడ్డుకి తెచ్చాం.

యజమాని మాట

"లేతువాడు మోసం చేశాడు మేస్త్రీ. నాసిరకం ఇనుము పెట్టాడు." షెడ్డులో ఆయన మొదట అన్న మాట ఇదే. కిందటి ఆగస్టులో దమ్ము మధ్యలో కంపెనీ యాక్సిల్ విరిగింది. కొత్తది రావడానికి వారం పడుతుందన్నారు. ఉభాలు ఆగవు కదా, అందుకని లేతు మీద చేయించి వేశారు. ఇప్పుడు విరిగింది ఆ లేతు యాక్సిలే. కాబట్టి ఆయన అనుమానం సహజం.

మరి మొదట విరిగిన కంపెనీ యాక్సిల్ సంగతి? దానికి ఆయన దగ్గర జవాబు లేదు. అదృష్టవశాత్తూ ఆ ముక్క ఇంకా వాళ్ల శాలలోనే ఉంది. గొర్రు నాగళ్లు సాగగొట్టడానికి దాన్ని దిమ్మగా వాడుతున్నారు. తెమ్మన్నాను.

రెండు ముక్కలు ఏం చెప్పాయి

ఉక్కు కడ్డీ విరిగిన చోట చరిత్ర అంతా రాసి ఉంటుంది. గ్రీజు తుడిచి, డీజిల్‌తో కడిగి, ఎండలో పక్కవాటుగా పట్టుకుని చూడాలి. ఒకే దెబ్బకి విరిగితే ఆ ముఖం మొత్తం గరుకుగా, మెరిసే పలుకులతో ఉంటుంది. మెల్లమెల్లగా పగిలి విరిగితే కొంత భాగం నున్నగా ఉండి, ఒకదాని పక్కన ఒకటిగా వంపు గీతలు కనిపిస్తాయి. ఇంజనీర్లు వాటిని బీచ్ మార్క్స్ అంటారు. ఆ గీతల వంపు ఎటు తిరిగి ఉందో చూస్తే పగులు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. మిగిలిన గరుకు భాగం చివరి క్షణంలో విరిగింది.

రెండు యాక్సిళ్లూ బయటి బేరింగ్ కూర్చునే చోటి మెట్టు దగ్గరే విరిగాయి. రెండింటిలోనూ నున్నటి భాగం ఉంది. అంటే కల్వర్టు దగ్గరి ఎత్తు విరగ్గొట్టలేదు, అప్పటికే చాలావరకు విరిగి ఉన్నదాన్ని పూర్తి చేసింది. కంపెనీ యాక్సిల్‌లో పగులు ఒకే చోట మొదలై సగం దాకా పాకింది. ఆ నున్నటి భాగంలో అంచు దగ్గర తుప్పు గోధుమ రంగు కూడా కనిపించింది. విరగడానికి చాలా ముందే పగులు తెరుచుకుని, నీళ్లు తాగిందన్నమాట. లేతు యాక్సిల్‌లో మాత్రం పగుళ్లు చుట్టూ చాలా చోట్ల ఒకేసారి మొదలై లోపలికి వచ్చాయి. గరుకు భాగం మధ్యలో మిగిలింది.

ఈ తేడాకి కారణం వేలితో తడిమితేనే తెలిసింది. కంపెనీ యాక్సిల్‌లో లావు భాగం సన్న భాగంలో కలిసే మూల గుండ్రంగా జారుతూ వస్తుంది. లేతు యాక్సిల్‌లో ఆ మూలని సరిగ్గా లంబంగా కోసేశారు, గోరు అడ్డం పడుతుంది. వంగే కడ్డీలో అలాంటి పదును మూల ఉంటే ఒత్తిడంతా అక్కడే పోగవుతుంది, పగులు చుట్టూతా మొదలవుతుంది. ఇనుము నాసిరకమా అని ఆకురాయితో రాసి చూశాం, తర్వాత గాజువాక ఆటోనగర్‌లో హార్డ్‌నెస్, అంటే గట్టిదనం, చూపించాం. కంపెనీ దానికన్నా కాస్త మెత్తన, అంతే. వాడింది ఈఎన్8 రకం ఉక్కు అని చేసినాయన చెప్పారు. ఇలాంటి చోట ఈఎన్24 లాంటి మిశ్రమ ఉక్కు వాడి, హీట్ ట్రీట్‌మెంట్ చేయించాలి. కాబట్టి లేతు పనిలో తప్పుంది, కానీ ఆయన అనుకున్న తప్పు కాదు. అసలు మంచి కంపెనీ యాక్సిల్ కూడా అక్కడే ఎందుకు విరిగిందన్న ప్రశ్న అలాగే ఉంది.

యాక్సిల్‌ని ఎవరు వంచుతున్నారు

యాక్సిల్ అంటే చక్రాన్ని తిప్పే కడ్డీ అనుకుంటాం. అది బండి బరువుని మోసే కడ్డీ కూడా. బరువు వల్ల కాస్త వంగుతుంది. వంగినప్పుడు కింది భాగం సాగుతుంది, పై భాగం నలుగుతుంది. చక్రం సగం చుట్టు తిరిగేసరికి సాగిన వైపు పైకొచ్చి నలుగుతుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచి తెంచుతామే, అదే పని ప్రతి చుట్టుకీ కంటికి కనబడనంత చిన్నగా జరుగుతుంది. 13.6×28 టైరు ఒక చుట్టుకి సుమారు నాలుగు మీటర్లు పోతుంది. కిలోమీటరుకి 250 చుట్లు. వీళ్లు రోజుకి రానుపోను యాభై కిలోమీటర్ల దాకా తోలేవారు, అందులో లోడుతో సగం. అంటే లోడు మీద రోజుకి ఆరు వేల వంపులు. నవంబరు నుంచి మే దాకా లెక్కేస్తే పది లక్షలకి దగ్గరగా వస్తుంది. ఒత్తిడి హద్దులో ఉంటే మంచి ఉక్కు పది లక్షలు కాదు, కోట్ల వంపుల్ని కూడా తట్టుకుంటుంది. హద్దు దాటితే మాత్రం లెక్క మొదలైనట్టే.

హద్దు దాటించింది ఏమిటో టేపు పెట్టి కొలిస్తే బయటపడింది. వెనక చక్రం డిస్కుల్ని, అంటే చక్రం మధ్యలో ఉండే ఇనుప పళ్లాల్ని, తిరగేసి బిగించారు, గుంట బయటికి ఉంది. ట్రాక్, అంటే రెండు చక్రాల మధ్య దూరం, వెడల్పుగా ఉంటే దమ్ములో బండి ఒరగదని ఎవరో చెప్పారట. ఆ సలహాలో కొంత నిజం ఉంది. కానీ బేరింగ్ మధ్య నుంచి టైరు మధ్యకి మామూలుగా 20 సెంటీమీటర్లు ఉండాల్సిన దూరం 32 అయింది. దాని బయట సగం దమ్ము చక్రం వేస్తే, ఆ చక్రం మధ్య 65 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది.

ఈ దూరమే గుణకం. తొట్టి లేకుండా ఈ ట్రాక్టర్ వెనక ఒక్కో చక్రం మీద సుమారు 625 కిలోలు ఉంటుంది. సరైన డిస్కుతో 20 సెంటీమీటర్ల దూరంలో అది 125 కిలోగ్రామ్-మీటర్ల వంపు బలం (బరువుని దూరంతో గుణిస్తే వచ్చేది). ఎనిమిది టన్నుల రెండు చక్రాల తొట్టి తగిలించి, గ్రావెల్ ముందువైపు ఎక్కువ పడితే, హుక్కు మీద ఒక టన్ను దిగిందనుకోండి. హుక్కు యాక్సిల్‌కి వెనక ఉంటుంది కాబట్టి అది ముందు చక్రాల బరువుని కూడా కొంత వెనక్కి లాక్కుంటుంది. ఒక్కో వెనక చక్రం మీద సుమారు 1,300 కిలోలు అవుతుంది. దాన్ని 32 సెంటీమీటర్లతో గుణిస్తే 416. మూడు రెట్లు దాటింది. ఇది రోడ్డు నున్నగా ఉన్నప్పటి లెక్క. గుంటల్లో క్షణంపాటు ఇంకా పెరుగుతుంది.

పొలంలో ఇంకో రకం దెబ్బ. దమ్ము చక్రం టైరు కన్నా చిన్నది కాబట్టి రోడ్డు మీద అది నేలకి ఆనదు, అందుకే దాని బరువు ఎవరికీ పట్టదు. ఒక మడి నుంచి ఇంకో మడికి గట్టు దాటేటప్పుడు మాత్రం గట్టు మీద ముందు ఆనేది అదే, టైరు గాల్లో ఉంటుంది. బండి ఏటవాలుగా ఎక్కితే వెనక బరువులో ఎక్కువ పాలు ఒక్క ఇనుప చక్రం మీద, 65 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. ఒక టన్ను పడిందనుకున్నా 650 కిలోగ్రామ్-మీటర్లు. రోజుకి కొన్నిసార్లే జరిగినా పగులు పుట్టడానికి చాలు. దాన్ని పెంచే పని రోడ్డు చేస్తుంది. ఈ కేసులో రెండు పనుల మధ్య ఇలాంటి వంతులు నడిచాయన్నది నా నిర్ధారణ. కంపెనీ యాక్సిల్ మీది పాత తుప్పు అందుకు సాక్ష్యం: తోలకంలో పెరిగిన పగులు, ఆగస్టులో గట్టు దాటుతూ తెగింది.

ఎడమవైపే ఎందుకు? రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుకి వాలుగా ఉంటుంది. లోడు బండి ఎప్పుడూ ఎడమ అంచున పోతుంది కాబట్టి ఎడమ చక్రం మీదే ఎక్కువ బరువు. దీనికి తోడు ఇంకోటి ఉంది.

సీలు ఎందుకు కారుతోంది అని ఎవరూ అడగలేదు

రెండేళ్లుగా ఎడమ యాక్సిల్ సీలు దగ్గర, అంటే ఆయిల్‌ని లోపలే ఆపే రబ్బరు రింగు దగ్గర, ఆయిల్ కారుతోందట. కారినప్పుడల్లా సీలు మార్చారు. కొత్త సీలు నెల రెండు నెలలు ఆగేది, మళ్లీ కారేది. రబ్బరు సీలు ఊరికే పాడవదు. కడ్డీ మధ్యలో తిరగకుండా ఊగుతూ తిరిగితే సీలు ఒకవైపు నలిగిపోతుంది. ఆయిల్ బయటికొచ్చే దారిలోనే దమ్ము నీళ్లు, బురద లోపలికి పోతాయి. బేరింగ్ అరుగుతుంది, ఊగడం పెరుగుతుంది, సీలు మళ్లీ పోతుంది.

యాక్సిల్, బేరింగ్ కూర్చునే హౌసింగ్ విప్పితే ఇంకా బాధ కలిగించే సంగతి కనబడింది. బేరింగ్ బయటి రింగు హౌసింగ్‌లో బిగుతుగా ఉండాలి. ఇక్కడ అది లోపలే తిరిగి సీటుని, అంటే తాను కూర్చునే చోటుని, తినేసింది. దాన్ని బిగించడానికి ఎవరో సీటు చుట్టూ సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టారు. ఈ పని మన దగ్గర చాలా షెడ్లలో జరుగుతుంది. చుక్క కొట్టిన చోట లోహం ఉబ్బి బేరింగ్ బిగుతుగా దిగినట్టు అనిపిస్తుంది. కానీ రింగు ఆ చుక్కల మొనల మీదే ఆనుతుంది, నాలుగు రోజుల్లో మొనలు అరిగి మళ్లీ వదులు. సీజన్లో ఒక్క రోజు గడవడానికి రైతు బలవంతం మీద చేసి ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఆ సంగతి యజమానికి చెప్పాలి, సీజన్ అవగానే హౌసింగ్ మార్పించాలి. ఇక్కడ రెండూ జరగలేదు. కొత్త లేతు యాక్సిల్‌ని ఆ వదులు సీట్లోనే వేశారు. సన్న తేడాలు కొలిచే డయల్ గేజ్ పెట్టి చూస్తే ఎడమ హౌసింగ్ అంచు కూడా కొద్దిగా వంగి ఉంది.

కాబట్టి రెండో యాక్సిల్ మీద ఆ రోజు నాలుగు భారాలు కలిసి ఉన్నాయి: బయటికి జరిగిన చక్రం, రెట్టింపు లోడు, వదులు బేరింగ్, పదును మూల. వీటిలో మూడు మొదటి యాక్సిల్‌కి కూడా ఉన్నాయి.

కుడివైపు యాక్సిల్

విరగలేదు కదా, ఎందుకు విప్పడం అన్నారు యజమాని. అదే బండి, అదే లోడు, అదే డిస్కు. విప్పాల్సిందే అన్నాను. పైకి శుభ్రంగా ఉంది. ముందు మా పాత పద్ధతి చేశాం: మెట్టు దగ్గర కిరోసిన్ పూసి, కాసేపు ఆగి, పొడిగుడ్డతో బాగా తుడిచి, సుద్దపొడి చల్లడం. పగులుంటే అందులోకి దిగిన కిరోసిన్ సుద్దలోకి తడి గీతగా వస్తుంది. సన్నగా ఒక అంగుళం గీత వచ్చింది. నమ్మకం కోసం ఎర్ర రంగు డై పెనెట్రెంట్ స్ప్రే కూడా కొట్టాం. పదిహేను నిమిషాలు ఆగి తుడిచి తెల్ల డెవలపర్ కొట్టగానే అదే చోట ఎర్ర గీత. యజమాని ఆ గీతని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ యాక్సిల్ మీద ఇంకో ఎండాకాలం తోలి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. పగిలిన చోట వెల్డింగ్ కొట్టి వాడుకోవచ్చా అని అడిగారు. గట్టిపరిచిన ఉక్కు మీద వెల్డింగ్ కొడితే పక్కనే పెళుసు పట్టీ ఏర్పడుతుంది. పగులు మూసుకుంటుంది, దాని పక్కన కొత్తది పుడుతుంది. యాక్సిల్‌కి ఆ మాటే వద్దు.

ఏం చేశాం

రెండువైపులా కంపెనీ యాక్సిళ్లు, కొత్త బేరింగులు, సీళ్లు వేశాం. ఎడమ హౌసింగ్ మార్చాం. కుడి హౌసింగ్ సీటు బాగుంది. బేరింగ్ బిగుతు షిమ్ములతో, అంటే పల్చని రేకులతో, పుస్తకంలో చెప్పినట్టు సరిచేశాం. గేర్ ఆయిల్ మొత్తం తీసేశాం, అడుగున బురద, ఇనుప పొడి రెండూ దిగాయి. ఫిల్టర్ కూడా మార్చాం, హైడ్రాలిక్ కూడా ఆ ఆయిల్‌తోనే నడుస్తుంది కాబట్టి. డిస్కులు తిప్పి మామూలుగా బిగించాం. వీల్ నట్లు మొదటి లోడు తర్వాత ఒకసారి, మర్నాడు ఒకసారి మళ్లీ బిగించమని చెప్పాం. కొత్తగా వేసిన నట్లు వదులవుతాయి, స్టడ్లు తెగడానికి అదే మొదటి కారణం. అవర్ మీటర్ కేబుల్ మార్చాం. చిన్న పని, కానీ ఇది లేకపోతే మిగతావన్నీ ఎప్పుడు చూడాలో తెలియదు.

రోడ్డెక్కినప్పుడు రెండు బ్రేకు పెడళ్లనీ కలిపే లాచ్ విరిగి ఉంది, వేశాం. పొలంలో మలుపు కోసం విడివిడిగా ఉండొచ్చు. రోడ్డు మీద విడిగా ఉంటే ఒక్క పెడల్ తొక్కిన క్షణంలో బండి పక్కకి తిరగబడొచ్చు.

దమ్ముకి సగం చక్రాల బదులు టైర్లు తీసేసి వాటి స్థానంలో పూర్తి దమ్ము చక్రాలు వేయమన్నాం. అప్పుడు బరువు డిస్కు దగ్గరే పడుతుంది. ఇబ్బంది ఏమిటంటే వాటితో తారు రోడ్డు ఎక్కకూడదు, రోడ్డు పాడవుతుంది, జరిమానా పడుతుంది. పొలం దాకా తొట్టిలో తీసుకెళ్లి అక్కడ మార్చుకోవాలి. ఇద్దరు మనుషులు, ఒక గంట పని. ఆయన ఒప్పుకోవడానికి సమయం పట్టింది, కానీ ఒప్పుకున్నారు. గట్ల దగ్గర ఏటవాలుగా కాకుండా తిన్నగా ఎక్కమని, దాటే చోట గట్టుని పారతో కాస్త చదును చేయమని డ్రైవర్‌కి చెప్పాం.

అసలు గొడవ లోడు దగ్గర వచ్చింది. పైన వేసిన అడుగు రేకు కోసేయమన్నాను. "ట్రిప్పుకింత అని ఇత్తారు మేస్త్రీ. సగం తొట్టి తోల్తే నాకేటి మిగుల్తాది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కూర్చుని లెక్క వేశాం. ఒక యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు, నాలుగున్నర టన్నులు. ఈ తొట్టిలో అది సరిగ్గా ఇరవై అంగుళాల ఎత్తు. ఇంతకాలం ఆయన వేసింది దాదాపు రెండు యూనిట్లు, కానీ చాలా చోట్ల డబ్బు ఇచ్చింది ట్రిప్పుకి, యూనిట్‌కి కాదు. అంటే ఆ రెండో యూనిట్‌కి తన యాక్సిల్, టైర్లు, డీజిల్ ఖర్చు పెట్టి ఊరికే ఇస్తున్నారు. పోటీలో పక్కవాడు ఎక్కువ వేస్తున్నాడని తనూ వేశారు. యూనిట్ లెక్కన ఇచ్చే చోట అయితే ట్రిప్పులు పెంచుకోవాలి. అది నిజంగానే ఖర్చు, దాన్ని దాచి చెప్పడం సరికాదు. ఆ ఖర్చుని ఒకవైపు, రెండు యాక్సిళ్లు, హౌసింగ్, బేరింగులు, ఆటోనగర్ తిరుగుళ్లు, సీజన్లో బండి నిలిచిన రోజుల కిరాయి ఇంకోవైపు వేశాం. నాలుగైదు కాగితాలు నిండాక ఆయనే రేకు కోయించారు. తొట్టి లోపల నాలుగువైపులా ఇరవై అంగుళాల దగ్గర తెల్ల పెయింటు గీత వేశాం, జేసీబీ ఆపరేటర్‌కి కనబడేలా. గ్రావెల్ ముందుకి కుప్పగా కాకుండా ఇరుసు మీద సమంగా పరచాలి. హుక్కు మీద బరువు మరీ ఎక్కువైతే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పట్టదు. మొత్తం బరువులో కనీసం అయిదో వంతు ముందు చక్రాల మీద ఉండాలి.

తొట్టికి బ్రేకులు పెట్టించడం మాత్రం ఇంకా కాలేదు. దాని ఇరుసు పాతది, డ్రమ్ములు పట్టదు, ఇరుసే మార్చాలి. అప్పటిదాకా ఆ కొండవాలు మీద లోడుతో దిగొద్దని, చుట్టూ తిరిగే చదును దారిలో రమ్మని చెప్పాను. దూరం ఎక్కువే. డ్రైవర్ కుర్రాడు మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు.

తర్వాత

ఉభాల సీజన్ పూర్తి దమ్ము చక్రాలతో గడిచింది. దాని తర్వాత ఎడమ చక్రాన్ని జాకీ మీద లేపి, కింద గడ్డపార పెట్టి పైకి కిందికి ఊపి చూశాం, వదులు లేదు. సీళ్లు రెండూ పొడిగా ఉన్నాయి. ఆయిల్ డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద మామూలు మడ్డి తప్ప రేకులు లేవు. తోలకం మొదలయ్యాక ప్రతి వంద గంటలకీ ఒకసారి ఈ మూడూ చూడాలని అనుకున్నాం. మీటర్ ఇప్పుడు పనిచేస్తోంది కాబట్టి అది కుదిరే పనే. ఏడాదికి ఒకసారి యాక్సిళ్లు బయటికి తీసి సుద్ద పరీక్ష చేస్తాం. ఆ యజమాని బావమరిది బండికి కూడా డిస్కులు తిరగేసే ఉన్నాయట, ఎడమ సీలు కారుతోందట. టేపు, గేజ్ తీసుకుని రమ్మన్నారు. దాని లెక్క ఇంకా చూడాలి.